కోనసీమ వరిచేలలో శీతాకాలపు పక్షులు: కారు నుంచి పరిశీలన – పద్ధతి, పరిమితులు

వ్యాససంగ్రహం:
గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రాన్ని ఆనుకొని ఉన్న కోనసీమకు ఏటా శీతాకాలంలో ఉత్తరాసియా, మధ్యాసియా ప్రాంతాల నుంచి వలసపక్షులు వస్తాయి. అవి మేత వెతుక్కునే చోట్లలో వరిచేలు ముఖ్యమైనవి. ఈ చేలకు అభయారణ్యపు హద్దులు లేవు, కాపలా లేదు. ఇక్కడి పక్షులను రోడ్డు మీద కారులో కూర్చొని పరిశీలించడం సులువైన మార్గం. అయితే ఇలా తయారయ్యే జాబితాకు ప్రయోజనం ఉండాలంటే పక్షి పేరు, సంఖ్యలతో పాటు ఆ క్షణంలో చేను ఏ స్థితిలో ఉందో కూడా నమోదు కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కోనసీమలో శీతాకాలపు పక్షుల ఉనికిని నిర్ణయించేది ప్రధానంగా కాలువ నీరు, రైతు పని అన్నది ఈ ప్రతిపాదనకు ఆధారం.

కీలకపదాలు: కోనసీమ, వలసపక్షులు, సార్వా, దాళ్వా, దమ్ము, పక్షిగణన, ఉల్లంకి, పిల్లిగద్ద.

1. ఉపోద్ఘాతం:

పక్షుల పరిశీలన అనగానే తెలుగువారికి నేలపట్టు, పులికాట్, కొల్లేరు, తేలినీలాపురం గుర్తుకు వస్తాయి. ఆ వరుసలో కోనసీమ పేరు సాధారణంగా వినిపించదు. గౌతమీ ముఖద్వారం దగ్గర, కాకినాడ వైపున ఉన్న కోరింగ అభయారణ్యం (1978లో ఏర్పడింది, విస్తీర్ణం 235.70 చ.కి.మీ.) మడ అడవులకు ప్రసిద్ధి. దానికి ఇవతల అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఉన్నవి కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు, ఊళ్లు. చట్టం దృష్టిలో ఇది వ్యవసాయ భూమి. సైబీరియా చిత్తడి నేలల నుంచి వచ్చిన పక్షికి మాత్రం ఇది మేత దొరికే బురద. అభయారణ్యం హద్దు ఎక్కడ ముగుస్తుందో ఆ పక్షికి తెలియదు.

హద్దులున్న చోట లెక్క ఉంటుంది. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతూ ఉంది. అది ప్రధానంగా చెరువులు, సరస్సులు, తీరప్రాంతపు చిత్తడి నేలల మీద దృష్టి పెడుతుంది. ఊరూరా పరుచుకొన్న చేలను ఆ తీరుగా ఒక చోట నిలబడి లెక్కించడం కుదరదు. వాటిని దారి వెంట పోతూ చూడాలి. అందుకే వ్యవసాయ క్షేత్రాల పక్షులకు కారు పరిశీలన ఒక విహారం మాత్రమే కాదు. సరిగా చేస్తే అది ఒక అధ్యయన పద్ధతి కూడా. ఆ పద్ధతిని కోనసీమ నేలకు, నీటికి, పంటల వరుసకు అన్వయించి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. కోనసీమలో బయలు ఎక్కడ ఉంది?

కొత్తవారికి కోనసీమ అంటే కొబ్బరిచెట్లే. రావులపాలెం నుంచి కొత్తపేట, అంబాజీపేట మీదుగా అమలాపురం చేరే దారిలో ప్రయాణించినవారికి ఆ అభిప్రాయం మరింత బలపడుతుంది. రోడ్డుకు ఇరువైపులా తోటలు, ఇళ్లు కమ్ముకొని ఉంటాయి. మధ్యమధ్య నాలుగైదు వందల గజాల మేర తెర తొలగినట్టు వరిచేను కనిపించి మళ్లీ మాయమవుతుంది. ఈ అమరికకు కారణం నేల ఎత్తుపల్లాలే. డెల్టాలో మెరక భూములు పాత నదీపాయల గట్లు, ఇసుక దిబ్బలు. ఊళ్లు, తోటలు వాటి మీద వెలిశాయి. దిబ్బల మధ్య పల్లాలలో నీరు నిలుస్తుంది. వరి అక్కడ పండుతుంది.

సముద్రం దగ్గరయ్యేకొద్దీ పల్లం పెరుగుతుంది, చూపు సాగే బయలు కూడా పెరుగుతుంది. అమలాపురం నుంచి అల్లవరం మీదుగా ఓడలరేవు వైపు వెళ్లే దారి, ఉప్పలగుప్తం మీదుగా ఎస్.యానాం తీరానికి వెళ్లే దారి, రాజోలు నుంచి మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరే దారి ఇలాంటివి. వీటి వెంట చేలు, రొయ్యల చెరువులు, మురుగు కాలువలు, తోటలు కలగలసి కనిపిస్తాయి. పరిశీలనకు 216వ నంబరు జాతీయ రహదారి పనికిరాదు. అక్కడ ఆగడానికి వీలుండదు, వాహనాల రద్దీ తగ్గదు. దాని నుంచి చీలే పంచాయతీ రోడ్లు, కాలువ గట్ల మీది దారులే అనువైనవి. కాలువగట్టు చేని కంటే కొన్ని అడుగులు ఎత్తుగా ఉంటుంది కనుక అక్కడ ఆగిన కారు నుంచి నాలుగైదు మడుల లోపలి వరకు చూడవచ్చు.

ఈ చేలకు నీరు ధవళేశ్వరం నుంచి వస్తుంది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట నిర్మాణం 1852లో పూర్తయింది. మధ్య డెల్టా కాలువలు సుమారు 2 లక్షల ఎకరాలకు నీరందిస్తున్నాయి. రాజోలు వైపు చేలకు గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ పాయను దాటి నీరు చేరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టి, జూన్‌లో మళ్లీ వదులుతారు. శీతాకాలంలో గోదావరి సహజ ప్రవాహం తగ్గిపోతుంది. అప్పుడు దాళ్వాకు సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీరు ఆధారమవుతుంది. నీరు చాలని సంవత్సరాలలో వంతులవారీ విధానం అమలు చేస్తారు. ఏ వారంలో ఏ కాలువ కింద చేను తడుస్తుందో అక్కడ నిర్ణయమవుతుంది. ఆ వారంలో పక్షులు ఏ ఊళ్లో దిగుతాయన్నది కూడా చాలా వరకు ఆ నిర్ణయాన్ని అనుసరిస్తుంది.

3. పక్షి కారును ఎందుకు సహిస్తుంది?

చేనిగట్టు మీద నడిచి వచ్చే మనిషిని చూసి దూరం నుంచే లేచిపోయే కొంగ, అదే చేని పక్కన ఆగిన కారును పట్టించుకోకపోవడం అందరికీ అనుభవంలో ఉన్న విషయమే. రెండు కాళ్ల మీద నిటారుగా కదిలే ఆకారం పక్షికి తరతరాలుగా వేటగాడి గుర్తు. వాహనానికి ఆ ఆకారం లేదు. రోజూ ఎన్నో బళ్లు అదే దారిలో అదే తీరుగా పోతుంటాయి, ఏ హానీ జరగదు. ఈ అలవాటు వల్ల పక్షి భయం తగ్గుతుంది. వ్యవసాయ యంత్రాలైతే హాని చేయకపోవడమే కాక మేతను కూడా బయటపెడతాయి. దమ్ము చేస్తున్న ట్రాక్టరు చక్రాల వెనుకే తెల్లకొంగలు గుంపుగా నడవడం ఇందుకు నిదర్శనం.

ఈ సహనానికి షరతులున్నాయి. కారు తలుపు తెరుచుకున్న మరుక్షణం లోపలి మనిషి ఆకారం బయటపడుతుంది, గుంపు లేచిపోతుంది. వేగంగా వచ్చి హఠాత్తుగా ఆగిన బండి కంటే నెమ్మదిగా వచ్చి ఆగిన బండిని పక్షి త్వరగా మరచిపోతుంది. కిటికీలోంచి చేయి చాపడం, హారన్ మోగించడం, గట్టిగా మాట్లాడడం ఈ సహనాన్ని చెరుపుతాయి. కాబట్టి కారు ఒక కదిలే మాటు అనుకోవాలి. మాటులో కూర్చున్నవాడు పాటించే నియమాలన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

4. చేని స్థితి – పక్షుల రాకపోకలు:

వలసపక్షులు సెప్టెంబరు, అక్టోబరు నెలల నుంచి రావడం మొదలై మార్చి, ఏప్రిల్ నాటికి తిరిగి వెళ్లిపోతాయి. ఈ ఆరు నెలల్లో కోనసీమ చేను ఒకే రూపంలో ఉండదు. నాలుగైదు స్థితులు దాటుతుంది. ప్రతి స్థితికి దాని పక్షులు ఉంటాయి.

4.1. పండిన చేను, కోసిన చేను: అక్టోబరు, నవంబరు నెలల్లో సార్వా పైరు దట్టంగా నిలిచి ఉంటుంది. అప్పుడు దాని లోపల ఏముందో రోడ్డుకు తెలియదు. చేని మీద ఎగిరే వానకోవెలలు, తీగల మీద వాలిన పసిరికలు, పసులపోలిగాళ్లు మాత్రమే కనిపిస్తాయి. కోతలయ్యాక దృశ్యం మారుతుంది. కొయ్యకాళ్ల మధ్య రాలిన గింజలు, ఆశ్రయం కోల్పోయిన మిడతలు, ఎలుకలు బయటపడతాయి. పిల్లిగద్దలు చేనికి మనిషెత్తున తేలుతూ గాలించేది అప్పుడే. కాటుకపిట్టలు తోకలాడిస్తూ గట్ల మీద పరుగెడుతుంటాయి. కూలీలు కోసిన చేలో పనలు కొన్ని రోజులు ఆరుతాయి, తరువాత కుప్పలు వేస్తారు. యంత్రం కోసిన చేలో పని ఒక పూటలో ముగుస్తుంది. గింజ ఎంత రాలింది, గడ్డి ఎన్నాళ్లు నిలిచింది అన్న తేడా పక్షుల రాకలో కనిపించడం సహజం. కనుక ఏ తీరున కోశారో కూడా రాసుకోవాలి.

4.2. దమ్ము: డిసెంబరు రెండో సగం నుంచి జనవరి వరకు దాళ్వా పనులు సాగుతాయి. చేనికి నీరు పెట్టి, దమ్ముచక్రాలు కట్టిన ట్రాక్టరుతో నేలను బురద చేస్తారు. ఆ బురదలో పురుగులు, వానపాములు, నత్తలు పైకి వస్తాయి. కోనసీమ చేలలో ఉల్లంకి జాతులు ఎక్కువగా కంటబడే సమయం ఇదే. వుడ్ శాండ్‌పైపర్, రఫ్, పసిఫిక్ గోల్డెన్ ప్లవర్, నల్లతోక గాడ్‌విట్ వంటివి ఈ కోవలోవి. నీటి లోతు ఇక్కడ కీలకం. ఈ పక్షుల కాళ్ల పొడవు కొద్ది అంగుళాలే. అవి నిలబడగలిగేది, ముక్కుతో బురదను పొడవగలిగేది పలుచని నీటిలోనే. దమ్ము చేసిన మడి సరిగ్గా ఆ లోతునే ఇస్తుంది. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, గుడ్డికొంగలు, తెల్లకొంగలు స్థానికులుగా ఈ విందులో చేరతాయి.

4.3. నాట్లయ్యాక: ఊడ్పులు పూర్తయిన మొదటి రెండు మూడు వారాలు చేను ఇంకా తెరిచే ఉంటుంది. పైరు పిలకలు వేసి కమ్ముకొన్న తరువాత ఉల్లంకులకు బురద కనిపించదు. అవి మురుగు కాలువల అంచులకో, పోటునీరు తీసిన తీరానికో, ఆలస్యంగా దమ్ము చేస్తున్న మరో ఆయకట్టుకో తరలిపోతాయి. పైరులో దాగే నీటికోళ్లు, పొట్టి ముక్కుపూరేళ్లు ఉన్నా కంటబడవు.

4.4. అపరాలు, బీళ్లు: దాళ్వాకు నీరందని చోట సార్వా తరువాత మినుము, పెసర వేస్తారు. తడిలేని ఈ చేలలో ఉల్లంకులు ఉండవు. వాటి స్థానంలో తీతువులు, వానకోవెలలు, కాటుకపిట్టలు, తీగల మీద నుంచి మిడత కోసం దూకే పాలపిట్టలు కనిపిస్తాయి.

4.5. చెరువులు: పల్లపు వరిచేలు అనేకం చేపల, రొయ్యల చెరువులుగా మారాయి. చెరువు పక్షిలేని చోటు కాదు. నీటికాకులు, కొంగలు, నీటి మీద తిరిగే టెర్న్ పక్షులు అక్కడ ఉంటాయి. నీరు తోడి పట్టుబడి చేసే రోజు వందలుగా చేరతాయి కూడా. అయితే నిండు చెరువు లోతు మీటరు, అంతకు పైగా ఉంటుంది. కొద్ది అంగుళాల కాళ్లున్న పక్షికి అందులో నిలువ నీడ లేదు. పట్టిన చేపను, రొయ్యను కాపాడుకోవడానికి రైతులు చెరువు మీద వలలు, తాళ్లు కడతారు. చేను చెరువు కావడం వల్ల పక్షుల మొత్తం సంఖ్య కంటే ముందుగా పక్షుల కూర్పు మారుతుంది. బురదపక్షులు పోతాయి, లోతునీటి పక్షులు వస్తాయి. సంఖ్యను మాత్రమే రాసుకొనే పరిశీలకుడికి ఈ మార్పు తెలియకుండా పోతుంది.

5. పేర్లలో దాగిన పరిశీలన:

మద్రాసు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1862–64 మధ్య వెలువరించిన భారతదేశ పక్షుల గ్రంథంలో అనేక పక్షులకు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. పల్లెల్లోని వేటగాళ్ల, రైతుల నోట విన్న పేర్లు అలా అచ్చుకెక్కాయి. ఆ పేర్లు కేవలం గుర్తులు కావు, చిన్నచిన్న వర్ణనలు.

హారియర్ జాతి గద్దలకు అందులో పిల్లిగద్ద అన్న పేరు కనిపిస్తుంది. ఈ గద్ద ఆకాశంలో ఎత్తున సుడులు తిరగదు. రెక్కలను కొద్దిగా పైకెత్తి పట్టి, కొయ్యకాళ్లకు తగిలేంత కింద, సడి లేకుండా చేనంతా వెతుకుతుంది. దాని ముఖం గుడ్లగూబ ముఖాన్ని పోలి గుండ్రంగా ఉంటుంది. గడ్డిలోని అలికిడిని వినడానికి ఆ అమరిక తోడ్పడుతుంది. ఈ నడత చూసినవారికి పిల్లి అన్న పోలిక ఎందుకు వచ్చిందో వివరించనక్కరలేదు. స్నైప్ పక్షిని ముక్కుపూరేడు అన్నారు. ఒళ్లంతా పూరేడులా ఎండుగడ్డి రంగు, దానికి పొడవాటి ముక్కు అదనం. నారాయణపక్షి, చిలువ, పరజ, నీలి బొల్లికోడి వంటి పేర్లు కూడా ఇలా నిలిచినవే.

క్షేత్రంలో ఈ పేర్లకు ఉపయోగం ఉంది. అరవై ఏళ్ల రైతును వుడ్ శాండ్‌పైపర్ ఎప్పుడు వస్తుందని అడిగితే సమాధానం రాదు. ఉల్లంకులు ఎప్పుడు దిగుతాయని అడిగితే ఆయన దమ్ముతో, పండుగతో, కాలువతో ముడిపెట్టి చెప్పగలడు. ఒకే తెలుగు పేరు కింద అనేక జాతులు ఉంటాయి కనుక శాస్త్రీయ నమోదుకు అంతర్జాతీయ నామం తప్పనిసరి. దాని పక్కన స్థానిక నామం, అది విన్న ఊరు కూడా రాసుకుంటే భాషకు, శాస్త్రానికి రెండింటికీ మేలు.

6. దారి, వెలుగు, వేగం:

రోడ్డు వెంట పక్షులను లెక్కించే పద్ధతికి ప్రపంచంలో గట్టి పూర్వరంగం ఉంది. ఉత్తర అమెరికాలో 1966లో మొదలైన సంతానోత్పత్తి కాలపు పక్షిగణనలో ఒక్కో దారి పొడవు సుమారు 39 కిలోమీటర్లు. దాని మీద సమాన దూరంలో 50 చోట్ల ఆగి, ఒక్కో చోట మూడు నిమిషాలు లెక్కిస్తారు. ఏళ్లు గడిచినా దారి, ఆగే చోట్లు మారవు. ఆ గణనకు బలం ఈ స్థిరత్వమే. అది వేసవి గణన. అయినా దాని సూత్రం శీతాకాలపు డెల్టాకు సరిపోతుంది.

కోనసీమలో ఒక ఉదయానికి 20 కిలోమీటర్ల దారి, కిలోమీటరుకు ఒక్కటి చొప్పున 20 ఆగుడులు, ఒక్కోచోట 5 నిమిషాలు సాధ్యమైన ప్రమాణం. ఆగే చోటును కారులోని దూరమాపిని బట్టి నిర్ణయించాలి, పక్షుల గుంపును బట్టి కాదు. గుంపు కనిపించిన చోటే ఆగితే ఆ లెక్క పక్షుల సంఖ్యను కాక పరిశీలకుడి ఉత్సాహాన్ని కొలుస్తుంది. ఆగే చోట కొబ్బరితోట అడ్డం ఉంటే అదీ రాయాలి. ఏ పక్షీ కనిపించకపోతే సున్నా రాయాలి. సున్నాలు లేని పట్టికతో రెండు సంవత్సరాలను పోల్చలేము.

వేగం గంటకు 20 నుంచి 30 కిలోమీటర్లు మించకూడదు. నడిపేవారు చూడకూడదు, చూసేవారు నడపకూడదు. కనీసం ఇద్దరు ఉండాలి, మూడోవారు రాసుకుంటే మరీ మంచిది. డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు కొన్నిరోజులు ఎనిమిది గంటల వరకు తొలగదు. అలాంటి ఉదయం ముందుగా బయలుదేరడం వల్ల లాభం లేదు. గడ్డిలోడు ట్రాక్టర్లు ఎదురయ్యే ఇరుకు గట్ల మీద అది ప్రమాదం కూడా.

కూర్చునే చోటుకు వెలుగుతో సంబంధం ఉంది. స్థూలంగా దక్షిణానికి, అంటే సముద్రం వైపు వెళ్లే దారిలో ఉదయపు ఎండ ఎడమవైపు నుంచి వస్తుంది, కుడివైపు చేలు చక్కగా వెలుగుతాయి. మధ్యాహ్నం దాటాక ఉత్తరానికి తిరిగి వస్తుంటే ఎండ మళ్లీ ఎడమవైపే, వెలిగే చేలు మళ్లీ కుడివైపే. మన కార్లలో చోదకుడు కుడివైపు కూర్చుంటాడు కనుక పరిశీలకుడు అతని వెనుక సీటులో ఉండడం మేలు. ఆగ్నేయంగా సాగే ఉప్పలగుప్తం దారిలో ఉదయం సూర్యుడు ఎదురవుతాడు. ఆ దారిని మధ్యాహ్నం తరువాతకు ఉంచుకోవచ్చు.

పరికరాల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. 8×42 బైనాక్యులర్ చాలు. ఇంజను ఆపకపోతే దాని అదురు కటకాల్లో దృశ్యాన్ని చెదరగొడుతుంది. కిటికీ అంచున బియ్యం నింపిన చిన్న గుడ్డసంచి పెట్టి దాని మీద బైనాక్యులర్‌ను గానీ, కెమెరాను గానీ ఆనిస్తే చేయి వణకదు. ఆగేటప్పుడు తూము దగ్గరో, కల్లం దగ్గరో వెడల్పైన చోటు చూసుకోవాలి. పని రోజుల్లో ట్రాక్టరు దారికి అడ్డం పెట్టకూడదు. సంక్రాంతి మూడు రోజులు గణన పెట్టుకోకపోవడం మంచిది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు పచ్చని చేలకు అడ్డంపడి, కౌశికను దాటి వస్తాయి. ఆ రోజు ఆ చుట్టుపక్కల రోడ్డూ చేనూ జనానివే. మిగతా చోట్ల రోజుతో దాన్ని పోల్చలేము.

7. రోడ్డు దాచే నిజాలు:

కారు పరిశీలనకు సహజమైన లోపాలు ఉన్నాయి. వాటిని ముందే ఒప్పుకోవడం పద్ధతిలో భాగం.

మొదటిది, తీగల పక్షపాతం. విద్యుత్ తీగలు రోడ్డు వెంట ఉంటాయి. పాలపిట్ట, లకుముకి, పసులపోలిగాడు, పసిరిక తీగల మీద వాలతాయి. అందువల్ల వాటి లెక్క ఎక్కువ వస్తుంది. పైరులో నడిచే ముక్కుపూరేడు, నీటికోడి లెక్క తక్కువ వస్తుంది. పాలపిట్టలు పది, ముక్కుపూరేడు ఒకటి అని వస్తే చేలో పాలపిట్టలే ఎక్కువని అర్థం కాదు. ఒకే జాతి లెక్కను ఒకే దారిలో ఏడాదికేడాది పోల్చవచ్చు. రెండు జాతుల లెక్కలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు.

రెండవది, తోటల తెర. కొత్తపేట వైపు 20 కిలోమీటర్లలో కనిపించే చేను, అల్లవరం వైపు 20 కిలోమీటర్లలో కనిపించే చేను సమానం కావు. కాబట్టి నడిచిన దూరం కాక, చూపు సాగిన దూరం లెక్కకు ఆధారం కావాలి.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, తేదీ తెచ్చే భ్రమ. ఒక పరిశీలకుడు ఏటా జనవరి రెండో ఆదివారం ఒకే దారిలో వెళ్లాడనుకుందాం. ఒక ఏడు కాలువ నీరు వేళకు అంది ఆ రోజు చేలన్నీ దమ్ములో ఉన్నాయి. మరుసటి ఏడు సార్వా కోతలు ఆలస్యమై దమ్ము ఇంకా మొదలవలేదు. ఆ పై ఏడు పనులు ముందే అయి పైరు కమ్ముకొంది. మూడేళ్లలో ఉల్లంకుల సంఖ్య పెరిగి, పడిపోయి, అలాగే ఉండిపోయినట్టు పట్టిక చెబుతుంది. నిజానికి పక్షుల సంఖ్యలో ఏ మార్పూ లేకపోవచ్చు. అవి పక్క ఆయకట్టులో ఉండి ఉండవచ్చు. పక్షుల రాకకు ఆధారం పగటి పొడవు, ఉత్తరాన చలి. చేని పనికి ఆధారం వాన, కాలువ, కూలీ, ధర. ఈ రెండు పంచాంగాలు ప్రతి ఏడూ ఒకేలా కలవవు.

దీనికి పరిష్కారం ఖర్చులేనిది. ప్రతి ఆగుడు దగ్గర పక్షి లెక్కకు ముందు చేని స్థితిని ఒక్క మాటలో రాయాలి: పండిన చేను, కొయ్యకాలు, నీరుపెట్టిన చేను, దమ్ము, కొత్త నాటు, కమ్మిన పైరు, అపరాలు, బీడు, చెరువు. ఈ తొమ్మిది మాటలలో ఒకటి ఉంటే, దమ్ము చేలను దమ్ము చేలతోనే, కొయ్యకాళ్లను కొయ్యకాళ్లతోనే పోల్చే అవకాశం ఏర్పడుతుంది. ఏటేటా ఏ స్థితి చేలు పెరుగుతున్నాయో, ఏవి తగ్గుతున్నాయో కూడా అదే పట్టిక చెబుతుంది. స్థితి లేని జాబితా ఆ రోజుటి జ్ఞాపకంగా మిగులుతుంది. స్థితి ఉన్న జాబితా కోనసీమ నేలకు చరిత్ర అవుతుంది.

8. ఈ లెక్క ఇప్పుడెందుకు?

2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించింది. దీర్ఘకాలిక ధోరణిని అంచనా వేయగలిగిన 338 జాతులలో 60 శాతం తగ్గుముఖంలో ఉన్నాయని తేల్చింది. బయళ్లలో బతికే పక్షులు, వలసపక్షులు, వేటపక్షులు అధికంగా నష్టపోయిన వర్గాలలో ఉన్నాయి. సాధారణ పక్షిగా అందరూ భావించే పాలపిట్ట కూడా తగ్గిందని, దాని స్థాయిని మళ్లీ మదింపు చేయాలని ఆ నివేదిక సూచించింది. ఈ నిర్ధారణలకు ఆధారం దేశమంతటా 30 వేలకు పైగా పరిశీలకులు సమర్పించిన జాబితాలు. ఎక్కడి నుంచి జాబితా వస్తే అక్కడి పక్షి లెక్కలో ఉంటుంది. జాబితా రాని ఊరి పక్షి తగ్గినా పెరిగినా ఎవరికీ తెలియదు.

కోనసీమలో మరొక చిక్కు ఉంది. పక్షికి మేలైన నీరు అన్నివేళలా రైతుకు మేలైన నీరు కాదు. కూనవరం వంటి మురుగు కాలువలు పూడిపోయి, పల్లపు చేలలో వాననీరు దిగక, సార్వా పంట ఏటేటా మునిగిన అనుభవం ఈ ప్రాంతపు రైతులది. మునక, కూలీల కొరత, గిట్టుబాటు కాని ధర కలిసి 2011లో కోనసీమ రైతులను పంట విరామం ప్రకటించే దాకా తెచ్చాయి. కొబ్బరి తోటలలోకి ఉప్పునీరు చొరబడడం తీరగ్రామాలకు మరో బాధ. కారు కిటికీలోంచి చూసినవారు నీళ్లు నిలిచిన చేలో వందల కొంగలను చూసి ఆనందించవచ్చు. ఆ నీటి కింద కుళ్లుతున్నది ఒక కుటుంబపు ఆరు నెలల కష్టం కావచ్చు. అందుకే ‘నీరుపెట్టిన చేను’, ‘మునిగిన చేను’ అన్న రెండింటినీ ఒకే గడిలో రాయకూడదు. పైన చెప్పిన తొమ్మిది మాటలకు మునక అన్న పదో మాటను చేర్చుకోవాలి. ఆ తేడా తెలుసుకోవాలంటే గట్టు మీద ఉన్న రైతును అడగాలి. కారు దిగవలసిన సందర్భం ఏదైనా ఉందంటే అది లెక్క ముగిశాక, ఆ మాట అడగడానికే.

రైతు వరి మానేయడం తప్పని ఈ వ్యాసం అనడం లేదు. ఏ పంట గిట్టుతుందో ఆ పంట వేయడం అతని హక్కు. అయితే చేను చెరువైనప్పుడు, దాళ్వా బీడైనప్పుడు, కూలీ కోత యంత్రం కోత అయినప్పుడు దానితో పాటు ఏ పక్షులు తరలిపోయాయో రాసిపెట్టడం పరిశీలకుడి బాధ్యత. మురుగు కాలువలు బాగుపడి, వరి గిట్టుబాటై, దమ్ము వేళకు సాగడం రైతు కోరిక. బురదపక్షికి కావలసింది కూడా అదే. ఇక్కడ రైతు ప్రయోజనం, పక్షి ప్రయోజనం కలిసే చోటు ఉంది. దాన్ని నిరూపించడానికి లెక్కలు కావాలి.

9. ముగింపు:

- కోనసీమలో శీతాకాలపు పక్షుల పంపిణీని కాలువ నీరు, పంట పని ప్రధానంగా నిర్ణయిస్తాయి. ఉల్లంకి జాతులకు దాళ్వా దమ్ము కీలకమైన సమయం.
- కారు మంచి మాటు. కాలువగట్ల ఎత్తు దానికి తోడవుతుంది. కొబ్బరితోటల తెర, తీగల పక్షపాతం దాని పరిమితులు.
- స్థిరమైన దారి, సమదూరపు ఆగుడులు, సున్నాల నమోదు లేకుండా సంవత్సరాలను పోల్చలేము.
- ప్రతి లెక్క పక్కన చేని స్థితి నమోదు కావాలి. లేకపోతే పంటల తేదీలలోని మార్పు పక్షుల సంఖ్యలో మార్పుగా భ్రమింపజేస్తుంది.
- పిల్లిగద్ద, ముక్కుపూరేడు, ఉల్లంకి వంటి తెలుగు నామాలను విన్న ఊరితో సహా సేకరించడం రైతు జ్ఞానాన్ని శాస్త్రానికి చేర్చే మార్గం.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలోని కళాశాలల జంతుశాస్త్ర, తెలుగు శాఖల విద్యార్థులు కలిసి ఒక్కో దారిని ఎంచుకొని, ఏటా డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు పక్షానికొకసారి వెళ్లి రాగలిగితే చాలు. పదేళ్లలో ఈ చేలకు ఒక పక్షుల పంచాంగం సిద్ధమవుతుంది. ఇప్పుడు వరి ఉన్న చేలలో కొన్నింటిలోనైనా అప్పటికి వరి ఉండకపోవచ్చు. అక్కడ ఒకప్పుడు ఏ పక్షులు దిగేవో చెప్పడానికి ఆ పుస్తకమే మిగులుతుంది.